నాబ్ మళ్లీ ఊడింది

మార్చి 3, సోమవారం

గేరు నాబ్ ఊడి చేతిలోకి వచ్చింది.

ఇంటి దగ్గర ఊడినా బాగుండేది. పెద్ద రోడ్డు ఎత్తు మీద, సిగ్నల్ దగ్గర, వెనక బస్సు, పక్కన ఇంకో బస్సు. పచ్చలైటు పడింది. ఒకటో గేరు వేద్దామని తోశాను. రాడ్డు ఉన్నచోటే ఉంది. దాని తల మాత్రం నా చేతిలో ఉంది. వెనక బస్సు డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి తీయడం మర్చిపోయాడు. ఉత్త రాడ్డునే పట్టుకుని, దాని మరలు అరచేతిలో దిగబడుతుంటే గేరు వేసి, నాబ్‌ను ఒళ్లో పెట్టుకుని క్లినిక్ దాకా పోయాను.

దుప్పట్లు ఆలస్యం. అక్కడి స్టోరు నర్సు గడియారం చూసింది, నన్ను చూసింది, మళ్లీ గడియారం చూసింది. నోరు తెరిచి రెండు మాటలు అంటేనే నయం.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. తగిలిందా, భయపడ్డావా అని అడుగుతారేమోనని చూశాను. ఆయన అన్నది ఇదీ: "దాన్ని పీక పట్టుకున్నట్టు పట్టుకుంటావు నువ్వు. అరచేయి ఆనించాలంతే. ఇన్నేళ్లలో నా చేతిలో ఒక్కసారి ఊడిందా?"

ఊడలేదు నిజమే. మా లాండ్రీ మెషీన్ల గదిలో సబ్బునీళ్ల మీద జారిపడింది ఈయన. మణికట్టు విరగ్గొట్టుకుంది ఈయన. అదీ సరిగ్గా గేరు వేసే చేయే. కట్టు విప్పారు, ఎముక అతుక్కుంది, వేళ్లు మాత్రం ముడుచుకోవట్లేదు. పడ్డది ఆయన, శిక్ష నాకు. పెళ్లికి ముందు నాన్న కారు మీద నేర్చుకున్న డ్రైవింగు, ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు. ఇప్పుడు ఈ ముసలి పికప్పు, ఉతికిన దుప్పట్లు, క్లినిక్, రెండు లాడ్జీలు, అన్నీ నా నెత్తిన.

ఆయన చేయి బాగయ్యేదాకానే కదా. ఓర్చుకుందాం.

నాబ్ బిగించాను. గట్టిగా.


మార్చి 4, మంగళవారం

పొద్దున చూస్తే మళ్లీ వదులు. ముట్టుకుంటే బొంగరంలా తిరుగుతోంది.


మార్చి 5, బుధవారం

చేతి డాక్టరు దగ్గరికి వెళ్లాం. వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని వంచారు, సూది మొనతో తాకి "తెలుస్తోందా?" అని అడిగారు. నరం దెబ్బతిందట. "చూద్దాం" అన్నారు. రబ్బరు బంతి పిసకమన్నారు.

చూద్దాం అంటే ఆశ ఉన్నట్టే. లేకపోతే ఎందుకంటారు?

ఆయన బయటికి వెళ్లి చెప్పులు వేసుకుంటుంటే డాక్టరు నన్ను ఆపి ఇంకో మాట కూడా అన్నారు. అది ఇక్కడ రాయను.

సాయంత్రం నాబ్ బిగించాను.


మార్చి 6, గురువారం

క్లినిక్ గేటును గుద్దాను.

తప్పు నాది కాదు. నాబ్ నెత్తి మీద గేర్ల బొమ్మ ఉంటుంది, ఏది ఎటు పడుతుందో చూపిస్తూ. నాలాంటివాళ్ల కోసమే గీశారు దాన్ని. నాబ్ తిరిగిపోతే బొమ్మా తలకిందులవుతుంది. బొమ్మలో ఒకటి ఎక్కడుందో చూసి అక్కడికే తోశాను. బండి రివర్సులో పోయి గేటును ముద్దు పెట్టుకుంది. గేటుకు ఏమీ కాలేదు. వెనక లైటు పగిలింది. వాచ్‌మన్ మాత్రం ప్రాణం పోయినంత కేక వేశాడు. స్టోరు నర్సు మెట్ల మీద నిలబడి అంతా చూసింది.

"చూడండమ్మా, పొద్దున డాక్టర్లు రౌండుకొచ్చే లోపల మంచాల మీద దుప్పట్లు ఉండాలి. మీవారు ఉన్నప్పుడు ఇలా లేదు. ఇలాగే ఐతే మేము వేరేవాళ్లని చూసుకోవాల్సి వస్తుంది."

మీవారు ఉన్నప్పుడట! మావారు ఇంకా ఉన్నారు తల్లీ, ఇంట్లో కుర్చీలో కూర్చుని నా డ్రైవింగుకు వంకలు పెడుతున్నారు అనబోయి మింగేశాను.

ఇంట్లో ఆ వంక కూడా సిద్ధంగా ఉంది. "బొమ్మ చూసి గేరు వేసేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా. చేతికి తెలియాలి ఏ గేరు ఎక్కడుందో."

"నా చేతికి తెలీదండీ. నా చేతికి దుప్పటి మడత పెట్టడం తెలుసు. మీ చేతికి తెలుసా అది?"

ఆయన తన చేయి వైపు చూసుకున్నారు. నేను అన్నది ఆ అర్థంతో కాదు. అలా కాదని చెప్పేలోగా లేచి వెళ్లిపోయారు.


మార్చి 7, శుక్రవారం

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. రాడ్డు మీదకి వంగి చూసి, "దీని కింద లాక్ నట్టు ఉండాలమ్మా. ఎప్పుడో పడిపోయినట్టుంది" అన్నాడు. డబ్బాలో వెతికి ఒక నట్టు తీసి రాడ్డుకు ఎక్కించి, నాబ్ తిప్పి, నట్టును కిందినుంచి పైకి పానాతో బిగించాడు. "ఇక ఏనుగు పట్టి లాగినా రాదు."

హమ్మయ్య. దారంతా నాబ్‌ను పరీక్ష చేస్తూ వచ్చాను. కదల్లేదు. ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను, లాక్ నట్టు వేయించానని.

"అలాగా" అన్నారు. అంతే. ఏదో నేను ఆయనకు సంబంధించిన వస్తువు పారేసినట్టు మొహం పెట్టారు.


మార్చి 8, శనివారం

వదులు.

నట్టు ఎక్కడో రాడ్డు అడుగుకు దిగిపోయి ఉంది. నాబ్ పైన తైతక్కలాడుతోంది.

నేరుగా మెకానిక్ దగ్గరికే పోయాను. పొద్దున్నే, ఇంకా షట్టరు సగమే ఎత్తాడు. వినేవాళ్లు లేరు కదా అని నోటికొచ్చినన్ని అన్నాను. పని రాకపోతే రాదని చెప్పాలి గానీ మనుషుల్ని మోసం చేయకూడదన్నాను. ఇంకా ఏవో అన్నాను. పాపం అతను పళ్లు తోముకుంటూ అన్నీ విన్నాడు. పుక్కిలించి వచ్చి నట్టు చూశాడు.

"అమ్మా, కుదుపులకి ఐతే నట్టు ఒకటీ అరా చుట్టు సడలుద్ది. ఇంత కిందికి దిగదు. ఎవరో పానా పెట్టి విప్పారు."

"ఎవరు విప్పుతారయ్యా? మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను విప్పలేదు. ఆయన విప్పలేరు."

"మరి నాకేం తెలుసమ్మా" అని మళ్లీ బిగించి పంపాడు.

తన పనితనం బయటపడకుండా కథ అల్లుతున్నాడు. మధ్యాహ్నం బండి ఇంటి ముందు ఉన్నంతసేపు నేను మెషీన్ల గదిలోనే ఉంటాను. ఎవరైనా వస్తే ఆయన చూడరా? రోజంతా ఇంట్లోనే కదా ఉండేది. అడిగాను కూడా. "ఎవరూ రాలేదు. పాత బండి, అంతే" అన్నారు.


మార్చి 9, ఆదివారం

మళ్లీ వదులు! ఇక నా వల్ల కాదు.

పాత బండ్ల సామాన్లమ్మే కొట్టుకు వెళ్లాను. ఆ కొట్టాయన్ని మేము మ్యూజియం అంటాం. అన్నీ చూపిస్తాడు, ఏదీ అమ్మడానికి మనసొప్పదు. నా బాధ విని లోపల్నుంచి చిన్న సీసా తెచ్చాడు. ఎర్ర గమ్ము. మరల మీద రెండు చుక్కలు వేసి బిగిస్తే ఒక రాత్రికి రాయవుతుందట.

"ఆలోచించుకోండి మేడం. ఒకసారి పట్టుకుందంటే ఊడదు."

"బాబూ, ఊడకూడదనే కదా నేను వచ్చింది" అన్నాను. నా గొంతు విని సీసా ఇచ్చేశాడు. మామూలుగా అరగంట బతిమాలించుకుంటాడు.

చీకటి పడకముందే పని ముగించాను. నాబ్ విప్పాను, పాత గుడ్డతో మరలు తుడిచాను, చుక్కలు వేశాను, బొమ్మ నిటారుగా ఉండేలా బిగించాను, కింద నట్టు కూడా. ఎవరి సాయమూ లేకుండా. ఆయనకు చెప్పలేదు. చెప్తే దానికో వంక.


మార్చి 10, సోమవారం

కదల్లేదు. కదల్లేదు! ఇసుమంత కూడా! క్లినిక్‌కు వేళకు ముందే చేరాను. స్టోరు నర్సు గడియారం చూడలేదు.


మార్చి 11, మంగళవారం

నాబ్ రాయిలా ఉంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆయన నిన్న మధ్యాహ్నం నుంచి పడుకునే ఉన్నారు. గోడవైపు తిరిగి. టీ పెట్టి ఇస్తే చల్లారిపోయింది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంటారు. ముట్టుకుంటే జ్వరం లేదు.


మార్చి 12, బుధవారం

రబ్బరు బంతి మంచం కింద దొరికింది, ఊడుస్తుంటే. తీసి చేతికిచ్చాను. "వద్దు" అన్నారు.

"డాక్టరు రోజూ పిసకమన్నారు కదా."

"వద్దన్నానా?"

ఈయనతో వేగడం కంటే ఆ నాబ్‌తో వేగడమే సులువు.

అన్నం దగ్గర తల ఎత్తకుండా అన్నారు, "బండి అమ్మేద్దాం."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"అమ్మేద్దాం. ఇంటి ముందు ఆ డొక్కు ఎందుకు? దుప్పట్లకు ఎవరి బండైనా అద్దెకు పిలుచుకో."

"మీ చేయి బాగయ్యాక మళ్లీ కొంటారా?"

చేయి కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ఇప్పుడే, నాబ్ సరిగ్గా నిలబడ్డాకే అమ్మాలని తోచిందా ఈయనకు! నేను కిందా మీదా పడుతున్నన్నాళ్లూ తోచలేదు. కాస్త నడపడం వచ్చిందనుకునేసరికి తోచింది. ఇది మగవాళ్ల ఏడుపు కాక ఇంకేమిటి? తన బండిని ఇంకొకరు బాగా నడపడం కళ్లతో చూడలేక.

ఇలా రాశాను గానీ ఆయన అలాంటి మనిషి కాదు. మరి ఎలాంటి మనిషో ఈ రెండు రోజుల్లో నాకే తెలియడం లేదు.


మార్చి 13, గురువారం

వదిన ఫోన్ చేసింది. ఆయన అక్క. కబురు అప్పుడే అక్కడిదాకా పోయింది, అంటే ఈయనే చెప్పి ఉంటారు. ఆమెకు తెలిసిన కూరగాయల వ్యాపారి ఒకడు ఇలాంటి బండి కోసమే చూస్తున్నాడట. ఆదివారం వస్తాడట.

"ఎందుకే నీకా లారీ డ్రైవరు అవతారం? వాడు హాయిగా పడుకుని ఉంటాడు, నువ్వు నీడపట్టున ఉంటావు" అంది.

"అది లారీ కాదు వదినా, పికప్పు."

"ఏదో ఒకటి. నలుగురూ చూస్తున్నారు కదా."

"చూడనివ్వు. గేటు గుద్దినప్పుడు కూడా చూశారు."

ఫోన్ పెట్టేశాక గదిలోకి వెళ్లి అడిగాను. ముందు నాతో కదా చెప్పాల్సింది, మీ అక్కతో కాదు అన్నాను. గోడతో మాట్లాడినట్టే. గోడ వైపే తిరిగి ఉన్నారు కాబట్టి గోడ నయం, నా మొహం చూసింది.


మార్చి 14, శుక్రవారం

మధ్యాహ్నం. మెషీన్లు తిరుగుతున్నాయి, రాయడానికి కాస్త వ్యవధి దొరికింది. అక్షరాలు కుదరడం లేదు.

లాడ్జీ మూటలు కట్టే తాడు బండిలో మర్చిపోయాను. తెద్దామని బయటికి వచ్చాను. ఎండ మండిపోతోంది, వీధిలో మనిషి లేడు. బండి అవతలి తలుపు తెరిచి ఉంది. మెకానిక్ చెప్పిన దొంగ దొరికాడనుకున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా, అరవడానికి.

ఆయన.

డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి, బనీను చెమటతో ఒంటికి అంటుకుపోయింది. ఒళ్లో పానా. దిండు గలీబు ఒకటి తడిపి నాబ్ చుట్టూ చుట్టారు, జారకుండా. ఆ మొద్దుబారిన వేళ్లను రెండో చేత్తో ఒక్కొక్కటే తీసి గలీబు మీద పెడుతున్నారు. బొటనవేలు పెట్టేసరికి చిటికెనవేలు జారిపోతోంది. మళ్లీ పెడుతున్నారు. అన్నీ పెట్టాక, రెండో చేయి తీసేసి, తిప్పబోయారు. భుజం వణికింది, మెడ నరాలు ఉబ్బాయి. నాబ్ కదల్లేదు.

ఎలా కదులుతుంది? రాయి కదా అది ఇప్పుడు. నేను చేసిన రాయి.

"రావే" అన్నారు. నాబ్‌తో కాదు. చేతితో. "మొన్నటిదాకా వచ్చావు కదే. కొంచెం. కొంచెం రా."

నేను వెనక్కి నడిచాను. తాడు తేలేదు. మూటలు పాత చీర చించి కట్టాను.

ఇన్నాళ్లూ నట్టు విప్పింది ఈయనే. బాగున్న చేత్తో పానా పట్టి నట్టు విప్పడం, బాగాలేని చేత్తో నాబ్ తిప్పడం. మళ్లీ బిగించడం కూడా ఆ చేత్తోనే అన్న పంతం, దానికా బలం లేదు, వదులుగానే వదిలేయడం. రోజూ. నేను ఇక్కడ గలీబులు ఇస్త్రీ చేస్తూ ఉండగా.

సోమవారం వెళ్లి చూసుకుని ఉంటారు. ఆదివారం దాకా తిరిగినది సోమవారం తిరగలేదు. చేయి పూర్తిగా పోయిందనుకుని ఉంటారు. అందుకే ఆ గోడ. అందుకే అమ్మేద్దాం.

నాకు ఆయన్ని పట్టుకుని ఏడవాలని ఉంది. అంతకంటే ముందు రెండు తగిలించాలని ఉంది. ఒక్క మాట చెప్తే ఏం పోయింది ఈ మనిషికి?


మార్చి 15, శనివారం

పొద్దున మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ముందు ఆ రోజు అన్న మాటలకు క్షమించమన్నాను. అతను సిగ్గుపడి, "ఏమోనమ్మా, నేను బ్రష్ చేసుకుంటూ సగం వినలేదు" అన్నాడు. గమ్ము సంగతి చెప్పాను. నట్టు సులువుగానే విప్పాడు. నాబ్‌కు గుడ్డ చుట్టి పెద్ద పట్టకారు పెట్టి తిప్పాడు. రాలేదు. నేనూ ఒక చెయ్యి వేశాను. రాలేదు.

"ఇంకా బలం పెడితే రాడ్డు వంకర పోద్దమ్మా. వేడి తగిలితే గమ్ము మెత్తబడుద్ది. రాడ్డుకు వేడి పెట్టాలి, నాబ్‌కు కాదు. నాబ్ ప్లాస్టిక్కు. నా దగ్గర మంట ఉంది గానీ లోపల సీటు అంటుకుంటే నన్ను తిట్టడానికి మళ్లీ మీరే వస్తారు."

వేడి పెట్టే వస్తువులు మా ఇంట్లో కావలసినన్ని.

ఆయన్ని క్షౌరానికి పంపాను. గడ్డం పెరిగి బైరాగిలా ఉన్నారు, రేపు బండి కొనేవాడు వస్తే మనల్ని చూసి జాలిపడతాడు అన్నాను. విసుక్కుంటూ వెళ్లారు. చిన్న ఇస్త్రీ పెట్టెకు పొడుగు తీగ తగిలించి, కిటికీలోంచి బండి దాకా లాగాను. మోకాళ్ల మీద సీటెక్కి, ఇస్త్రీ పెట్టె మొనను నాబ్ కింద రాడ్డుకు ఆనించి పట్టుకున్నాను. పెట్టె కాస్త జారిందల్లా నాబ్‌కు తగిలి కమురు వాసన. ఓ చెంప కరిగి కిందికి జారింది. కళ్లు మండుతున్నాయి, చేతులకు రబ్బరు తొడుగులు, మొహమంతా చెమట. తిప్పాను. కిర్రుమంది. ఇంకోసారి వేడి పెట్టి తిప్పాను. వచ్చేసింది.

"ఇస్త్రీ పెట్టెతో బండిలో ఏం పని?"

ఆయన. తలుపు దగ్గర. క్షౌరశాలలో జనం ఉన్నారని గడ్డంతోనే తిరిగొచ్చారు.

"కనపడట్లేదా? సీటు ముడతలు తీస్తున్నా" అన్నాను. ఏం చెప్పాలో తెలియక వచ్చిన మాట అది.

ఆయన నా చేతిలో నాబ్ చూశారు. ఖాళీ రాడ్డు చూశారు. "ఎలా వచ్చింది అది?"

"గమ్ము పెట్టాను దీనికి. పోయిన ఆదివారం. మెకానిక్ పట్టకారు పెడితే కూడా కదల్లేదు. ఇప్పుడు కాల్చి తీశాను."

"పోయిన ఆదివారమా?"

"ఆదివారం సాయంత్రం."

"సోమవారం నుంచి రాలేదు" అన్నారు, నాతో కాదన్నట్టు.

"తెలుసు. నిన్న మధ్యాహ్నం చూశాను."

ఆయన బండి మెట్టు మీద కూర్చుండిపోయారు. "చేయి చచ్చిపోయిందనుకున్నానే. పూర్తిగా. భుజం దాకా చల్లబడినట్టు అనిపించింది, తెలుసా? నిజంగానే చల్లగా ఉండేది." అంతలోనే నా వైపు తిరిగి గొంతు పెంచారు. "గమ్ము పెట్టేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నట్టు విప్పేటప్పుడు మీరొక్క మాట చెప్పొచ్చు కదా! ఆ మెకానిక్‌ను నోటికొచ్చినట్టు తిట్టొచ్చాను! సిగ్నల్ దగ్గర బస్సు కింద పడి చావాల్సింది! గేటు గుద్దాను! మీకు చీమ కుట్టినట్టైనా లేదు, అరచేయి ఆనించాలట, అరచేయి!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ.

"ఆ గేటు రోజు మానేద్దామనుకున్నా" అన్నారు, తగ్గి. "మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్లు అవే బండి దగ్గరికి వచ్చేవి. మొదట్లో ఇంత కూడా కదిలేది కాదు. తర్వాత పావు చుట్టు. మొన్న శనివారం సగం దాటింది. చెప్దామనుకున్నా."

"మరి?"

"చెప్తే బాగవుతోంది అనేదానివి. అక్కకి ఫోన్ చేసేదానివి. బాగవదుగా."

నేను తొడుగులు విప్పుతున్నదాన్ని ఆగిపోయాను. "అలా ఎవరన్నారు?"

"డాక్టరు నీతో అన్నాడు కదా. ఆ తలుపు ఎంత మందం ఉందని? చెప్పులు వేసుకుంటూ అంతా విన్నా. గ్లాసు పట్టుకోవచ్చు, చొక్కా గుండీలు పెట్టుకోవచ్చు, బండి మాత్రం మర్చిపొమ్మన్నాడు."

పది రోజులుగా నేను ఆయన దగ్గర దాచాను. పది రోజులుగా ఆయన నా దగ్గర దాచారు. ఒకే మంచం మీద.

"తెలిసీ ఎందుకు తిప్పారు మరి?"

"ఏం చెయ్యమంటావు? కుర్చీలో కూర్చుని, నువ్వు గేర్లు గరగరలాడించే చప్పుడు వీధి చివరి దాకా వింటూ ఉండమంటావా?" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. ఇస్త్రీ పొగ కళ్లకు తగిలిందన్నారు. పొగ ఎప్పుడో పోయింది.

నాబ్ ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్లు దాని మీదికి నెమ్మదిగా వంగాయి. పూర్తిగా కాదు. పట్టుకున్నారు అనొచ్చు. అటూ ఇటూ తిప్పి, కరిగిన చెంప చూసి, "దీన్ని మాత్రం నాశనం చేశావు" అన్నారు.

వదినకు ఫోన్ చేసి కూరగాయల వ్యాపారిని రావద్దన్నాను. ఎందుకని పది సార్లు అడిగింది. ఇస్త్రీలో ఉన్నానని పెట్టేశాను.


మార్చి 16, ఆదివారం

మ్యూజియంకు ఇద్దరం వెళ్లాం. నాబ్ లేని రాడ్డుకు గుడ్డ చుట్టి నేనే నడిపాను. పక్క సీట్లో ఆయన. "క్లచ్. క్లచ్ తొక్కు. ఇంకా. ఇప్పుడు వదులు. అబ్బబ్బ. అలా కాదు, బతికున్న దాన్ని తొక్కినట్టు తొక్కాలి." వీధి మలుపు దాటేలోపల దింపేద్దామనుకున్నాను.

కొట్లో ఆయన పెద్ద గుండ్రటి నాబ్ తీశారు, బొమ్మ లేనిది. నేను చిన్నది తీశాను, అంకెలు తెల్లగా, లోతుగా చెక్కింది. కొట్టాయన రెండూ అమ్మడానికి ఇష్టపడలేదు.

"ఇది చేతికి నిండుగా ఉంటుంది" అన్నారు ఆయన.

"ఎవరి చేతికి?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. మళ్లీ అదే పొరపాటు. ఆయన ఈసారి లేచి వెళ్లలేదు. పెద్ద నాబ్‌ను ఇంకోసారి తడిమి, చెక్కబల్ల మీద పెట్టేసి, కొట్టాయనతో అన్నారు, "ఆవిడ తీసింది ఇవ్వు. నడిపేది ఆవిడ."

కొట్టు ముందే, బండిలోనే అమర్చాం. రాడ్డు మరల్లో ఎండిన గమ్మును నేను సూదితో గీకి తీశాను. ఆయన నాబ్ అందుకుని, ఆ చేత్తోనే, రాడ్డు మీద పెట్టి తిప్పారు. జారింది. మళ్లీ పెట్టారు. మరల్లో పడింది. పావు చుట్టు, ఆగడం, వేళ్లు సర్దుకోవడం, ఇంకో పావు చుట్టు. వెనక కారువాడు తొందరపెట్టాడు. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసిన చూపుకు ఊరుకున్నాడు. నాబ్ కిందిదాకా వచ్చింది. చివరి చుట్టు బిగియలేదు. రెండుసార్లు చూశారు, దవడ బిగించి. తర్వాత చేయి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"బిగించు" అన్నారు.

బిగించాను. నట్టు కూడా.


మార్చి 17, సోమవారం

సాయంత్రం మెషీన్లు ఆగాక, రాడ్డు లేదు నాబ్ లేదు, ఊరికే ఆయన చేయి నా ఒళ్లో పెట్టుకుని వేళ్లకు నూనె రాశాను. చిటికెనవేలు వంచితే నొప్పి అన్నారు. మొన్నటిదాకా నొప్పి కూడా తెలిసేది కాదట.


మార్చి 25, మంగళవారం

ఆయన ఇక బండి నడపరు.

ఈ మాట రాయడానికి పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. రాశాక చూస్తే చిన్న వాక్యమే.

ఈ వారమంతా నాతోనే వస్తున్నారు. మూటలు బాగున్న భుజం మీద వేసుకుని దింపుతారు, ఆ చేయి కింద ఊరికే ఆనించి. ఇవాళ పెద్ద లాడ్జీ మేనేజరు ఎదురొచ్చి, "ఏం సార్, చేయి నయమైందా? మళ్లీ మీరేనా డ్రైవింగు?" అని అడిగాడు.

"కాదు. డ్రైవరు ఈవిడ. నేను మూటలవాణ్ని" అన్నారు. నవ్వుతూ అనలేదు, ఏడుస్తూ అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పి మూట ఎత్తుకున్నారు. నేను అద్దం సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకున్నాను.

తిరిగి బయల్దేరుతుంటే ఆ ఇరుకు సందులో, మేనేజరు చూస్తుండగా, రివర్సు వేయబోతే గేరు చెవులు చిల్లులు పడేలా గర్రుమని అరిచింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు. పెదవులు కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు. మేనేజరు ముందు ఒక్క మాట అనలేదు నన్ను.

ఇంటికొచ్చాక అన్నారు. కాళ్లు కడుక్కుంటూ మొదలుపెట్టి, అన్నం తింటూ, చేయి కడుక్కుంటూ, ఇప్పుడు పక్క గదిలో పడుకుని కూడా, క్లచ్ ఎలా తొక్కాలో చెబుతూనే ఉన్నారు. ఊఁ అంటూ రాస్తున్నాను.